మగబాతు పిక్కల వంశం

మాల్వర్న్,
మార్చి 3, 1957

ఆంబ్రోస్‌కి,

నీ కిందటి ఉత్తరంలో అక్షరదోషాలకి ఎర్ర సిరాతో గీతలు గీసి, దాన్ని ఇందులో పెట్టి తిప్పి పంపుతున్నాను. ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా జీవితమంతా చేసినదాని తమ్ముడివి. గొడుగుల కొట్టు మూసేశాక నీకు బోలెడు తీరిక. ఆ తీరికలో నిఘంటువు తెరవచ్చు.

ఇక అసలు విషయం. మన ఇంటిపేరు మీద పరిశోధన చేయిస్తున్నాను. పెవెరిల్ గారని ఒక పెద్దమనిషి. వంశవృక్షాలు గీయడం ఆయన వృత్తి. కోటు జేబులో భూతద్దం లేకుండా గడప దాటరు. ఆయన దేశంలోని టెలిఫోను పుస్తకాలు, చర్చి రిజిస్టర్లు, జైలు రిజిస్టర్లు (ఇవెందుకండీ అని అడిగాను, అలవాటండీ అన్నారు) అన్నీ గాలించారు. తేలింది ఏమిటంటే, భూమ్మీద గ్యాండర్‌షాంక్‌లు ఇక ఇద్దరే ఉన్నారు. నేనూ, నువ్వూ.

గ్యాండర్‌షాంక్ అంటే 'మగబాతు పిక్క' అని బళ్ళో పిల్లలు మనల్ని ఏడిపించేవాళ్ళు. ఆ అర్థం తప్పని పెవెరిల్ గారి గట్టి నమ్మకం. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సు నుంచి దండెత్తిన విజేత విలియం ఓడల్లో వచ్చిన ఒక వీరుడి పేరు ఇంగ్లీషు నోళ్ళలో పడి నలిగి ఇలా తయారై ఉండాలట. ఆ వీరుడి పేరు ఇంకా దొరకలేదు. దొరుకుతుంది.

ఇద్దరమే ఉన్నాం కనక బాధ్యతలూ ఇద్దరివే. పేరుకి మచ్చ రాకుండా నేను చూసుకుంటాను. పేరు ఆగిపోకుండా చూడటం నీ పని. ఎడిత్ పోయి చాలా ఏళ్ళయింది. మళ్ళీ పెళ్ళి చేసుకో. మగపిల్లాడైతే మేలు.

ఉన్ని బనీను అప్పుడే విప్పేయకు.

హెస్టర్ గ్యాండర్‌షాంక్

*

ఆస్క్‌బీ,
మార్చి 9

అక్కా,

పెళ్ళి సంగతి ముందు చెప్పేస్తాను. కిందటి నెల మోకాలు పట్టేసి, దిగాల్సిన చోట దిగలేక, బస్సుతో పాటు షెడ్డు దాకా పోయిన మనిషిని నేను. అరవై మూడేళ్ళవాడి మీద పెట్టుకునే ఆశలేనా ఇవి?

పేరుకి మచ్చ రాకూడదన్న నీ ఉత్తరం గురువారం పొద్దున చేరింది. మచ్చ అదే రోజు మధ్యాహ్నం పడింది. ఎలాగో విను.

మన కత్‌బర్ట్ రడ్కిన్ పోయాడు. చిన్నప్పుడు నీ జడకి ఎండ్రకాయ కట్టినవాడే. గురువారం అంత్యక్రియలు. వెళ్తుంటే బస్సులో కళ్ళజోడు మీద నేనే కూర్చుని పగలగొట్టుకున్నాను. ఒకే ప్రహరీలో రెండు చర్చిలు కట్టిన మన ఊరి పెద్దల్ని ఏమనాలో తెలియదు కానీ, ఏదో ఒకదాని ముందు శవపేటిక బండి కనిపిస్తే లోపలికి పోయి కూర్చున్నాను. జనం పట్టుమని పదిమంది లేరు. కొత్తగా వచ్చిన కుర్ర పాదిరీ చదవాల్సిన కాగితం ఎక్కడో పారేసుకుని, "పోయినాయన్ని నేను చూడలేదండీ. బాగా ఎరిగినవాళ్ళు ఎవరైనా రెండు ముక్కలు చెప్తారా?" అన్నాడు.

ఒక్కరూ లేవలేదు. కత్‌బర్ట్ లాంటివాడి కోసం ఒక్కరూ లేవరా అని నాకు దుఃఖం వచ్చింది. లేచాను. బిషప్పు గారు పడవలో వస్తుంటే కాలవలో దిసమొలతో ఈదుతూ ఎదురెళ్ళి సెల్యూట్ కొట్టిన సంగతి చెప్పాను. మేయరు కుర్చీలో పందిపిల్లని కూర్చోబెట్టి దానికి టోపీ పెట్టిన సంగతి చెప్పాను. పాదిరీ గొంతుతో బూతులు తిట్టడం రామచిలకకి నేర్పిన సంగతి కూడా దాచలేదు. "ఈయన పక్కన నడిస్తే ఏ మనిషైనా నవ్వకుండా వీధి చివరికి చేరేది కాదు" అని ముగించి కూర్చున్నాను.

 అప్పుడు ముందు వరసలోంచి ఒక నవ్వు. కెటిల్లో నీళ్ళు కాగినట్టు సన్నగా మొదలై, ఆపుకోలేక, బెంచీ ఊగేదాకా పెరిగింది. నల్లబట్టల్లో ఉన్న ఒకావిడ. కత్‌బర్ట్ భార్య ఎప్పుడో పోయిందే, ఈవిడెవరు అనుకున్నాను. వాడి సంగతి తెలిసిందే కదా అని సరిపెట్టుకున్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళింది. పళ్ళెం నిండా మాంసం ముక్కలు, ఊరబెట్టిన ఉల్లిపాయలు, ఎండుద్రాక్షల రొట్టె. నమిలింది మింగుతూ తలెత్తేసరికి ఎదురుగా గోడ మీద ఫొటో. ముక్కు దగ్గరగా వెళ్ళి చూశాను. కత్‌బర్ట్ కాదు. ఈనక్ స్టెన్నెట్!

గుర్తున్నాడా? ఆదివారం ఈల వేశారని పిల్లల్ని పోలీసులకి పట్టించిన చర్చి పెద్ద. మన కొట్లో కొన్న గొడుగు మరీ ఉత్సాహంగా తెరుచుకుంటోందని తిరిగి ఇచ్చేసిన మనిషి.

 చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆవిడ పేరు డోర్కస్. కళ్ళు తుడుచుకుంటూ అంది కదా: "ముప్పై నాలుగేళ్ళు కాపురం చేశానండీ. ఒక్కనాడు నన్ను నవ్వించలేదు. ఇంత సరదా లోపల పెట్టుకుని నాతో ఎలా ఉన్నాడో, పాపం! ఇంకేం చేసేవాడో చెప్పండి. మీ పేరేంటన్నారు?"

"గ్యాండర్‌షాంక్" అన్నాను.

"మంగళవారం రండి గ్యాండర్‌షాంక్ గారూ. అన్నీ చెప్పాలి."

పక్క చర్చిలో కత్‌బర్ట్‌ని, ఒక్క మంచిమాట కూడా లేకుండా, అదే సమయంలో పూడ్చేశారట.

సిగ్గుతో,
ఆంబ్రోస్

*

మాల్వర్న్,
మార్చి 14

ప్రియమైన తమ్ముడికి,

చాలా ఏళ్ళ తర్వాత నిన్ను 'ప్రియమైన' అని పిలవాలనిపించింది. ఇంత తొందరగా మాట వింటావనుకోలేదు!

నీ ఉత్తరంలో శవాలు, రామచిలకలు, బట్టలు లేని మనుషులు ఉన్న భాగాలని దాటేసి ముఖ్యమైన వాక్యం చదివాను. ఒక వితంతువు నిన్ను ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, మంగళవారం మళ్ళీ రమ్మంది. చాలు. నేను పెద్దగా ఏమీ చెప్పను. గోళ్ళు తీసుకుని వెళ్ళు. మోకాలి గురించి మాట్లాడకు.

ఆవిడ ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసిందని రాశావు. నీ మామూలు దోషమే అది. 'మూడు నాలుగేళ్ళు' అని దిద్దాను. పోయినాయన పెద్దవాడై, ఆవిడ చిన్నదై ఉంటుంది. పిల్లల్ని కనే వయసన్నమాట. పెవెరిల్ గారు కూడా ఎంతో సంతోషించారు. వంశవృక్షంలో నీ పేరు కింద చిన్న గీత గీసి ఖాళీ వదిలారు.

ఆశతో,
హెస్టర్

*

ఆస్క్‌బీ,
ఏప్రిల్ 28

అక్కా,

ఆ గీత చెరిపించు. నీకెలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

ప్రతి మంగళవారం వెళ్తున్నాను. కత్‌బర్ట్ చేసిన ఘనకార్యాలన్నీ ఒక్కొక్కటిగా ఈనక్ ఖాతాలో వేస్తున్నాను. నిజం చెప్పేద్దామని ప్రతిసారీ గట్టిగా అనుకునే వెళ్తాను. మొన్న కూడా, "స్టెన్నెట్ గారూ, మీకొక మాట చెప్పాలి" అన్నాను.

"మా ఆయన గురించేనా?"

"ఒక రకంగా…"

"అయితే కూర్చోండి. టీ పోస్తా. కుర్చీలోంచి లేచారంటే రొట్టె ఉండదు."

ఎలా చెప్పను? ఆవిడ తలుపుకి పసుపు రంగు వేయించింది. బజారులో ఈల వేసుకుంటూ నడుస్తోంది. మొగుడు బతికున్నన్నాళ్ళూ ఆవిడకి అతనంటే భయం, ఇప్పుడు ప్రేమ. "ముందే తెలిస్తే ఎంత బావుండేది" అంటుంది. 

ఇంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. ఆ రోజు చర్చిలో విన్న పదిమందీ ఊరంతా చెప్పారు. రొట్టెల కొట్టు వాళ్ళు వచ్చి, "మా మావయ్య పోయాడండీ. ఆయనకి కూడా కాస్త గ్యాండర్‌షాంక్ చేసి పెట్టండి" అన్నారు.

"నేనాయన్ని ఎరగనే!"

"ఎరిగినవాళ్ళం మేం ఉన్నాం కదండీ. మాకు ఒక్క మంచిమాటా తోచట్లేదు. అందుకేగా మీ దగ్గరికొచ్చింది!"

వెళ్ళాను. ఏం చేయను, ఏడుస్తున్నారు. తర్వాత జీనుల దుకాణం వాళ్ళ అమ్మ. ఆ తర్వాత తపాలా ఉద్యోగి. ఇప్పుడు మన పేరు ఒక మాట అయిపోయింది, అక్కా. పోయినవాళ్ళ గురించి లేనిపోని మంచి చెప్తే గ్యాండర్‌షాంక్ చేయడం. నిన్న కసాయి దగ్గర ఒకావిడ, "గ్యాండర్‌షాంక్ చేయకుండా చెప్పవయ్యా, ఈ మాంసం ఎప్పటిది?" అంటోంది. పక్కన నిలబడ్డ నా వంక చూడను కూడా చూడలేదు.

మొన్న మంగళవారం డోర్కస్, "మా ఆయన ఈదిన కాలవలో నేను ఈదకపోతే ఎలా?" అని ఈనక్ ఉన్ని లాగులు తొడుక్కుని దూకేసింది. కానిస్టేబుల్ ఆవిడకి సెల్యూట్ కొట్టాడు. నేను ఒడ్డున ఆవిడ బూట్లు పట్టుకుని నిలబడ్డాను. బూట్లు వెచ్చగా ఉన్నాయి. ఎందుకు రాస్తున్నానో తెలియదు.

అప్పటినుంచీ ఆవిడకి వాంతులు. డాక్టరు చూసి, ఇదంతా నీ వల్లేగా అన్నట్టు నా వంక చూశాడు. నా వల్లే.

ఏం పాలుపోని,
ఆంబ్రోస్

*

మాల్వర్న్,
మే 4

నా ప్రియమైన ఆంబ్రోస్,

కుర్చీలో కూలబడి రాస్తున్నాను.

కాలవ, లాగులు అన్న మాటలు కంటబడగానే ఆ పేరా వదిలేశాను. చివరి పేరా మాత్రం ఎన్నిసార్లు చదివానో! వాంతులు. డాక్టరు. 'నా వల్లే.' నువ్వు మగవాడిలా ఒప్పుకున్నందుకు గర్విస్తున్నాను.

పెళ్ళికి ముందే ఇలా జరగడం నేను మామూలుగా అయితే సహించను. మా బడిలో దీనికంటే చాలా చిన్న తప్పుకి ఒక పాటల టీచరుని పంపించేశాను. కానీ విజేత విలియం కూడా పెళ్ళికాని తల్లికే పుట్టాడని పెవెరిల్ గారు గుర్తు చేశారు. అలా చూస్తే ఇది మన వంశానికి తగినట్టే ఉంది.

తాతగారికి, నాన్నకి, మనిద్దరికీ బాప్తిస్మానికి తొడిగిన తెల్ల గౌను పార్సిల్లో పంపుతున్నాను. నువ్వు దాని మెడ దగ్గర కక్కిన మరక ఇప్పటికీ ఉంది. పెవెరిల్ గారు కూడా మీ ఊరు బయల్దేరుతున్నారు. మన పూర్వీకుల ఆనవాళ్ళు అక్కడి జనం నోళ్ళలో ఎక్కడో మిగిలి ఉంటాయని ఆయన ఆశ. ఆయనకి గుడ్లు పడవు.

డోర్కస్‌ని బరువులెత్తనివ్వకు.

ఆనందంతో,
హెస్టర్ అక్క

*

ఆస్క్‌బీ,
జూన్ 16

అక్కా,

డోర్కస్‌కి అరవై రెండేళ్ళు. వాంతులు కాలవ నీళ్ళకి. ఈ రెండు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాశాను, దాటేయకు.

గౌను చూపించి నువ్వు పొరబడ్డ సంగతి డోర్కస్‌కి చెప్పాను. అదే పనిగా నవ్వి, ఎక్కిళ్ళు వచ్చి, నీళ్ళు తాగి, మళ్ళీ నవ్వింది. ఇప్పుడా గౌను వాళ్ళింట్లో టీ కెటిల్‌కి తొడిగి ఉంది. టీ చల్లారడం లేదు. నీకు థాంక్స్ చెప్పమంది.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేక నీకు రాస్తున్నాను. కత్‌బర్ట్ కూతురు లెట్టీ బజారులో నన్ను ఆపింది. మొహం ఎర్రగా ఉంది. "మా నాన్నకి స్నేహితుడంటూ ఉంటే మీరొక్కరే. మీరు రాలేదు. ఊళ్ళో అడ్డమైనవాళ్ళకీ గ్యాండర్‌షాంక్ చేస్తున్నారట. మా నాన్న ఏం పాపం చేశాడు? ఆదివారం సమాధి రాయి పెడుతున్నాం. వస్తారో రారో మీ ఇష్టం" అని వెళ్ళిపోయింది.

వెళ్ళకుండా ఎలా ఉంటాను? కానీ ఏం చెప్పను? బిషప్పు, పందిపిల్ల, రామచిలక, అన్నీ ఈనక్‌వని ఊరంతటికీ తెలుసు. డోర్కస్ వాటిని ఈనక్ సమాధి రాయి మీద చెక్కించింది కూడా. కత్‌బర్ట్ ముందు నిలబడ్డాను. చెప్పడానికి కత్‌బర్ట్ దగ్గర ఏమీ మిగల్లేదు. అప్పుడు, దేవుడు నన్ను క్షమించాలి, ఈనక్‌ని చెప్పాను. మంగళవారాల్లో డోర్కస్ దగ్గర విన్నవే. "పొద్దున్నే లేచి బూట్లన్నీ వరసగా పెట్టేవాడు. చెప్పిన వేళకి ఇంటికి చేరేవాడు. ఒకరికి ఇస్తానన్నది ఇవ్వకుండా ఉండలేదు. కూతురు జ్వరంతో ఉంటే కుర్చీ వేసుకుని తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాడు." చివరిది ఎవరిదీ కాదు. నోట్లోంచి వచ్చేసింది.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లెట్టీ మాత్రం రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. తర్వాత దగ్గరికొచ్చి, "చిన్నప్పటినుంచీ అందరూ మా నాన్న గురించి నవ్వుతూనే చెప్పారు. ఆయన ఊరిని నవ్విస్తుంటే మేం ఇంట్లో అన్నం ముందు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఒక్కరన్నా ఆయన్ని పెద్దమనిషి అన్నారు. చాలు" అంది.

నేను ఇంటికొచ్చి బనీనుతోనే పడుకున్నాను. తప్పు చేశానో మంచి చేశానో నువ్వు చెప్పు. దోషాలు దిద్దడం నీకు అలవాటేగా.

పెవెరిల్ గారు సారాకొట్టు మేడ మీద దిగారు. పొద్దస్తమానం కిందే కూర్చుని జనం మాటలు వింటున్నారు. నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు. వంశంవాళ్ళ మాట నమ్మడం శాస్త్రీయం కాదట.

ఆంబ్రోస్

*

మాల్వర్న్,
జూలై 5

ఆంబ్రోస్!

మగపిల్లాడి సంగతి సరే, పోనీ. అంతకన్నా గొప్పది దొరికింది!

పెవెరిల్ గారు నిన్న తిరిగొచ్చారు.  ఆస్క్‌బీ చుట్టుపక్కల జనం నోట గ్యాండర్‌షాంక్ అన్న మాట ఇప్పటికీ సజీవంగా ఉందట! పోయినవారిని కీర్తించడం అని దానికి అర్థం. పొలాల్లో, కొట్లలో, ముసలివాళ్ళు, పసివాళ్ళు, ఎవరూ నేర్పకుండా వాడుతున్నారట. చదువు సోకని నోళ్ళలో ఒక మాట అంత సహజంగా పలుకుతోందంటే దాని వయసు వందల ఏళ్ళుండాలని ఆయన సిద్ధాంతం.

అంటే ఇది వృత్తి వల్ల వచ్చిన పేరు, తమ్ముడూ. మన పూర్వీకులు రాజులు పోయినప్పుడు కీర్తి పలికినవారు! మరి బాతు పిక్క ఎందుకంటావా? దుఃఖసూచకంగా బాతులా ఒంటికాలి మీద నిలబడి పలికేవారట. ఇది ఆయన ఊహే, కానీ బల్ల గుద్ది చెప్పారు.

చిన్న పుస్తకంగా అచ్చు వేయిస్తున్నాను. ముందుమాట నేను రాశాను. పేర్ల మీద పరిశోధించే సంఘంవారు చదివి వినిపించమని పిలిచారు. ఊదారంగు టోపీ కొన్నాను.

లెట్టీ విషయంలో నువ్వు చేసింది వంశధర్మం. దిద్దడానికి ఏమీ లేదు.

హెస్టర్

*

ఆస్క్‌బీ,
జూలై 8

అక్కా,

అచ్చు ఆపు. ఆ మాట వయసు వందల ఏళ్ళు కాదు. మార్చి నెలలో పుట్టింది. నా వల్ల పుట్టింది. కళ్ళజోడు మీద కూర్చోవడం వల్ల పుట్టింది. ఇవన్నీ మార్చి, ఏప్రిల్ ఉత్తరాల్లోనే రాశాను, నువ్వు దాటేశావు. పెవెరిల్ గారు సారాకొట్టులో విన్నదంతా నా గురించే. నన్ను ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది.

అంతమంది ముందు నువ్వు నవ్వులపాలు కావడం నేను చూడలేను.

ఆంబ్రోస్

*

మాల్వర్న్ ఆసుపత్రి,
సెప్టెంబర్ 11

ఆంబ్రోస్‌కి,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. రెండు నెలలు రాయలేదు. నీ మొండితనం నీకు నాన్న వైపు నుంచి వచ్చింది.

ఇప్పుడు రాయడానికి కారణం వేరు. పిత్తాశయంలో రాళ్ళట. ఎల్లుండి కోస్తారు. సర్జను చిన్నవాడు, నా దగ్గర చదువుకున్న అమ్మాయి కొడుకు. వాళ్ళమ్మకి లెక్కలు రావు.

భయమేమీ లేదు. అయితే ముందుజాగ్రత్తగా నా గురించి నువ్వు చెప్పబోయేది రాసి పంపు. వంశవృత్తి నీకు వచ్చినంతగా నాకు రాలేదు. అచ్చుతప్పులతో పూడ్చబడటం నాకు ఇష్టం లేదు కనక ముందే చూసుకుంటాను.

హెస్టర్

*

ఆస్క్‌బీ,
సెప్టెంబర్ 12

అక్కా,

రేపు పొద్దున బండికి బయల్దేరుతున్నాను. నేను చేరేసరికి నిన్ను లోపలికి తీసుకుపోతారేమో. అందుకే అడిగింది ముందు పోస్టులో వేస్తున్నాను.

నిజం రాద్దామని కూర్చున్నాను. 'వేళకి వచ్చేది' అని రాశాక కలం ఆగిపోయింది. నీ గురించి నాకేం తెలుసు? సెలవలకి వచ్చి నా గోళ్ళు చూసి వెళ్ళేదానివి. డోర్కస్ నా మొహం చూసి, "తెలీకపోతే ఊరందరికీ చేసినట్టే చేసెయ్యండి" అంది. చేశాను. కోపం తెచ్చుకోకు.

"హెస్టర్ గ్యాండర్‌షాంక్‌ని మీరంతా బడి గంటలా ఎరుగుదురు. నేను ఇంకో హెస్టర్‌ని ఎరుగుదును. ఇరవయ్యేడేళ్ళప్పుడు స్కార్బరో సముద్రతీరం హోటల్లో బూట్లు విప్పి చేత్తో పట్టుకుని బల్ల మీదెక్కి నాట్యం చేసింది. అక్కడి బ్యాండులో ట్రాంబోన్ ఊదే కుర్రవాడితో వారం రోజులు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. బడి తెరిచే రోజుకి తిరిగొచ్చింది. జుట్టులో ఇసక ఉంది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ఏడాది పిల్లలెవరికీ ఒక్క శిక్ష కూడా పడలేదు."

వస్తున్నాను. చచ్చిపోకు.

ఆంబ్రోస్

*

మాల్వర్న్ ఆసుపత్రి,
సెప్టెంబర్ 24

ఆంబ్రోస్,

నువ్వొచ్చి మంచం పక్కన కూర్చున్న మూడు రోజులూ నేను మత్తులో ఉన్నట్టు నటించాను. ఎదురుగా మాట్లాడలేక. నువ్వు వెళ్ళిపోయావు కనక ఇప్పుడు రాయగలను.

నువ్వు పంపింది దిద్దాను. ట్రాంబోన్ కాదు, సెల్లో. స్కార్బరో కాదు, వేల్స్ తీరం. బల్ల కాదు, పియానో. వారం కాదు, తొమ్మిది రోజులు. ఇసక సంగతి సరిగ్గానే ఉంది. ఇది నీకు ఎవరు చెప్పారు?

ఎవరూ చెప్పి ఉండరు. ఎవరికీ తెలియదు. నువ్వు ఊరికే కల్పించి ఉంటావు. రాత్రంతా నీ కాగితం చేత్తో పట్టుకునే ఉన్నాను.

ఆయన పేరు లయొనెల్. లయొనెల్ స్మిత్. పెళ్ళి చేసుకుందామన్నాడు. హెస్టర్ స్మిత్ అని హోటలు కాగితం మీద రాసి చూసుకున్నాను. ఎవరో దారినపోయే మనిషిలా అనిపించింది. నువ్వే మా పేరు పెట్టుకో, ఇంకెవరికీ లేని పేరు అన్నాను. నవ్వాడు. "మగబాతు పిక్క అనా?" అన్నాడు. బళ్ళో పిల్లల్లాగే నవ్వాడు. వెంటనే ఆపి, క్షమించమన్నాడు. నేను ఆ సాయంత్రమే రైలెక్కాను. స్టేషనుకి వచ్చాడు. నిలువెత్తు ఫిడేలులాంటి ఆ సెల్లో మోసుకుంటూ పరిగెత్తడం కష్టం కదా. బండి అందుకోలేకపోయాడు.

ఆ పేరు కోసం నేను ఆ మనిషిని వదులుకున్నాను, ఆంబ్రోస్. దానికి నిజంగానే బాతు పిక్క అని తప్ప ఇంకే అర్థమూ లేకపోతే నేనేం చేశానని చెప్పుకోను?

అచ్చు ఆపించాను. నేను అబద్ధాన్ని అచ్చు వేయించను. నువ్వు జూలైలో రాసింది నిజమేనా? ఈసారి ఒక్క వాక్యమూ దాటేయకుండా చదువుతాను.

నీ అక్క,
హెస్టర్

*

ఆస్క్‌బీ,
అక్టోబర్ 2

హెస్టర్ అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే వాకబు మొదలుపెట్టాను.

ముందు చర్చి గంటలు కొట్టే ఒబదయ్యా ముసలాయన దగ్గరికి వెళ్ళాను. తొంభై దాటాయి. గ్యాండర్‌షాంక్ చేయడం అన్న మాట ఎప్పుడు విన్నావు తాతా అని అడిగాను. "మా నాయనమ్మ పోయినప్పుడు చేశారు. బాగా చేశారు. ఇప్పటివాళ్ళకి అంత బాగా రాదు" అన్నాడు, నన్ను కిందా మీదా చూస్తూ. రొట్టెల కొట్టులో అడిగాను. "మా అమ్మ ఎప్పుడూ అనే మాటేనండీ" అన్నారు. లెట్టీని అడిగితే, చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆ మాటతోనే తనని జోకొట్టేవాడంది.

సారాకొట్టుకి పోయి బల్ల మీద చెయ్యి వేసి చెప్పాను: "ఇది మా ఇంటిపేరయ్యా. ఈ మాట మార్చి నెలలో నా వల్ల పుట్టింది."  కొట్టు పైకప్పు లేచిపోయేలా నవ్వారు. "చూడండ్రా, బతికుండగానే తనకి తను గ్యాండర్‌షాంక్ చేసుకుంటున్నాడు!" అన్నాడు కసాయి. నాకొక గ్లాసు పోయించి, ఇలాంటి కోతలు కోయొద్దని మంచిగా చెప్పి పంపించారు. పోయిన తపాలా ఉద్యోగి ఇంట్లో మనవడు పుడితే ఆ పేరే పెట్టుకున్నారు. మన ఇంటిపేరు వాళ్ళ పిల్లాడికి సొంతపేరు. నా అనుమతి అడగలేదేమని అంటే, పాత మాటకి ఎవరి అనుమతి కావాలన్నారు.

ఊరంతా ఒక మాట మీద ఉన్నప్పుడు నేనొక్కణ్ణీ కాదనడం దేనికి? అందులోనూ ఆ రోజు నాకు కళ్ళజోడు లేదు. పెవెరిల్ గారు చెప్పిందే సరైనది. పుస్తకం అచ్చు వేయించు. టోపీ పెట్టుకుని వెళ్ళి చదువు. నేను ముందు వరసలో కూర్చుంటాను. ఎవరైనా నవ్వితే లేచి నిలబడతాను, ఒంటికాలి మీద.

డోర్కస్‌కి ఈనక్ సంగతి కూడా మొన్న చెప్పేశాను. చివరిదాకా వినిపించాను, రొట్టె పోయినా సరే అని. ఆవిడ లేచి కిటికీలోంచి కాలవ వంక చూసింది. "అయితే ఆ పందిపిల్ల మా ఆయనది కాదా?" అంది. కాదన్నాను. "మరి మీరు ప్రతి మంగళవారం వచ్చింది నాకు అబద్ధాలు చెప్పడానికా?" అవునన్నాను. "ఎంత దూరం నడిచారు, ఆ మోకాలితో!" అంది. టీ పోసింది. రాయి మీద చెక్కించింది మాత్రం చెరిపించనంది. ఈనక్‌కి అది బాగుందట.

ఇప్పుడు మంగళవారాలకి మా దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదు. అందుకని నీ సంగతి చెప్పాను, తప్పయితే తిట్టు. ఆవిడ వింటూ వింటూ టీ పొయ్యడం మరిచిపోయింది. ఆ పియానో మీద నువ్వు ఆడింది ఏ పాటకని అడుగుతోంది. నాకు తెలియదన్నాను.

కుట్లు మానగానే బయల్దేరి రా. మంగళవారానికి చేరేలా రా. పాట పేరు మాత్రం ఉత్తరంలో రాయకు. వచ్చి నువ్వే చెప్పు.

తమ్ముడు
ఆంబ్రోస్ గ్యాండర్‌షాంక్